గుడారం కట్టిన బేస్ గిటారిస్టు

‘ఊ లా లా’ ఎవరిదయ్యా అంటే రాక్ అభిమానులు రాడ్ స్టూవర్ట్ పేరే చెబుతారు. 1973లో ఫేసెస్ బృందం వేసిన రికార్డులో పాడింది రాడ్ కాదు, గిటారిస్టు రోనీ వుడ్. వుడ్‌తో కలిసి దాన్ని రాసినవాడు బేస్ వాయించే రోనీ లేన్. 1998లో రాడ్ దాన్ని తనూ పాడుకున్నాడు, పేరు అటు పోయింది. ఆర్కెస్ట్రాల్లో బేస్ పట్టి వేళ్లు కాయలు కట్టినవాణ్ణి, నాకిందులో వింతేం లేదు. మేం వాయించడం ఆపితే తప్ప మా వైపు ఎవరూ చూడరు.

లేన్ 1946లో లండన్ తూర్పు పేట ప్లైస్టోలో పుట్టాడు. నాన్న లారీ డ్రైవరు. బేస్ కొనడానికి మ్యానర్ పార్కులో ఓ వాద్యాల కొట్టుకెళ్తే అక్కడ పనిచేసే స్టీవ్ మారియట్ దొరికాడు. అలా స్మాల్ ఫేసెస్ మొదలైంది. 1968లో వాళ్ల ఆల్బమ్ ‘ఆగ్డెన్స్ నట్ గాన్ ఫ్లేక్’ పొగాకు డబ్బాలాంటి గుండ్రటి అట్టలో వచ్చి, బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. మారియట్ వెళ్లిపోయాక రాడ్, వుడ్ చేరారు. బృందం పేరు ఫేసెస్‌గా మారింది.

నన్నడిగితే అతని గొప్ప పాట 1971 నాటి ‘డెబ్రీ’. నాన్న మీద రాశాడు. యుద్ధంలో బాంబులకు కూలిన పేట, అక్కడ ఆదివారం సంత, చవక బేరాలు వెతుక్కుంటూ తిరిగే ఆయన. లేనే పాడాడు, రాడ్ వెనక గొంతు కలిపాడు. లేన్ గొంతు సన్నం, పెద్ద బలమూ లేదు. అయినా రాడ్ ముందుండి పాడితే ఆ పాట చెడేదే.

1954లో మన గోదావరి జిల్లాల్లో తిరిగిన ఆధ్యాత్మిక గురువు మెహెర్ బాబా మాటలు లేన్‌నీ పట్టుకున్నాయి. రాయిగా మొదలై జన్మలెత్తుతూ మనిషిదాకా వచ్చే ‘స్టోన్’ పాట అలా పుట్టింది.

1973లో, ఇంకా జనం ఎగబడుతుండగానే ఫేసెస్ వదిలేశాడు. వేల్స్ సరిహద్దులో పొలం చూసుకున్నాడు. మరుసటేడు సర్కస్ గుడారం, కారవాన్లు వేసుకుని ‘పాసింగ్ షో’ పేరుతో, మన సురభి వాళ్లలా ఊరూరా తిరిగాడు. డబ్బు నీళ్లలా పోయింది. సొంత పాట ‘హౌ కమ్’ బ్రిటన్‌లో 11వ స్థానం దగ్గర ఆగింది. చిత్రమేమిటంటే, ట్రైలర్ బండిలో అతను కట్టించుకున్న స్టూడియోను అద్దెకు తీసుకుని లెడ్ జెపెలిన్ ‘ఫిజికల్ గ్రాఫిటీ’లో చాలా పాటలు రికార్డు చేసుకుంది.

తర్వాత మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బు పట్టుకుంది. వాళ్లమ్మకూ అదే. 1983లో అతని కోసం లండన్ ఆల్బర్ట్ హాల్లో గిటారిస్టులు క్లాప్టన్, జెఫ్ బెక్, జిమ్మీ పేజ్ ఒకే వేదికెక్కారు. 1997లో కొలరాడోలో పోయాడు, 51 ఏళ్లకు.

కొత్తగా వినేవాళ్లు 1977లో గిటారిస్టు పీట్ టౌన్షెండ్‌తో చేసిన ఆల్బమ్ ‘రఫ్ మిక్స్’తో మొదలుపెట్టండి. టౌన్షెండ్ పాటలూ బాగానే ఉంటాయి గానీ, నేను మాత్రం సూది ఎత్తి ‘అన్నీ’ మీదే పెడతాను.