వ్యాయామ తీవ్రత హద్దులు (పెద్దవయసు)
శ్రమ పెరిగేకొద్దీ ఊపిరి ఒక్కసారిగా వేగం పుంజుకునే, రక్తంలో లాక్టేట్ పేరుకోవడం మొదలయ్యే స్థాయి మొదటి హద్దు. దాన్ని గుర్తించడానికి ప్రయోగశాలలో మాస్కు తగిలించి, సైకిల్ తొక్కిస్తూ భారం పెంచి, పీల్చే ఆక్సిజన్‌నూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌నూ కొలుస్తారు. ప్రయోగశాల లేనప్పుడు గుండె వేగాన్ని బట్టి తీవ్రతను అంచనా వేస్తారు; అయితే గరిష్ఠ గుండె వేగానికి 220 నుంచి వయసు తీసేసే లెక్క పెద్దవయసువారిలో తక్కువ చూపుతుంది. 2001లో టనాకా బృందం ఇచ్చిన సూత్రం (208 – 0.7 × వయసు) మేలు, 70 ఏళ్లకు 159. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి ఏ లెక్కా నిలవదు.

ఈ కొలతలు అందని, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని డొంకూరు వంటి తీర గ్రామాల్లో మాట పరీక్షే అక్కరకొస్తుంది. నడుస్తూ పూర్తి వాక్యం హాయిగా పలికితే హద్దు లోపలే. రెండు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే బాగా దాటినట్టే. మెత్తటి ఇసుకలో అదే వేగానికి శ్రమ ఎక్కువ. కిడ్నీ జబ్బు విస్తరించిన ఈ ప్రాంతంలో ‘ఆరోగ్యవంతులు’ అనే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. ఆ జబ్బు చాలాకాలం లక్షణాలు చూపదు.