జాబూ జవాబూ: రంగం వలసలో ఉత్తరాంధ్ర కుటుంబాల వార్తా సంబంధాలు

దూరాన ఉన్నవారికి రాసి పంపేదానికి తెలుగులో ఉన్న పేర్లలో ఇంటింటి వాడుకలో నిలిచినవి రెండు: ఉత్తరం, జాబు. మొదటిది సంస్కృతం; రెండవది అరబ్బీ ‘జవాబ్’ ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి కుదించుకున్న రూపం. మూలార్థంలో రెండూ ‘బదులు’ అనే చెబుతాయి. తాటాకును సూచించే ‘కమ్మ’, రాతను సూచించే ‘లేఖ’ కావ్యభాషలోనూ, శుభలేఖ వంటి సమాసాల్లోనూ మిగిలాయి. ‘జాబూ జవాబూ లేదు’ అనే నుడికారంలో ఒకే మాట రెండు రూపాల్లో పక్కపక్కన నిలిచి, మొదటిది రాకను, రెండవది తిరుగురాకను చెబుతుంది. అర్థపరిణామం ఒక్కదాని ఆధారంగా చరిత్ర కట్టడం ప్రమాదమే. అయితే మన ఉత్తరాల్లో తప్పనిసరిగా కనిపించే ‘ఉభయకుశలోపరి’ అనే ఎత్తుగడ కూడా ఇదే దిశలో సాగుతోంది. ఇక్కడి క్షేమం చెప్పి, అక్కడి క్షేమం అడిగి, ఆ రెండూ అయ్యాకనే విషయంలోకి వెళ్ళాలి. ఉత్తరాన్ని ఒకరి మాటగా కాక, ఇద్దరి మధ్య లావాదేవీలో సగంగా భావించిన సమాజం ఇది. మిగిలిన సగం రాని చోట ఏమి జరిగిందో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి బర్మాకు సాగిన వలసను ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రంగూన్‌ను మన పల్లెలు ‘రంగం’ అన్నాయి. బర్మా ప్రజలు తెలుగువారిని ‘కోరంగీలు’ అన్నారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతిని ప్రాభవం కోల్పోయినా, దాని పేరు మాత్రం సముద్రానికి అవతల ఒక జాతికి పేరుగా నిలిచింది. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యాక వరిసాగు విస్తరించింది. ధాన్యం మిల్లులకు, ఓడరేవుకు, కోతలకు కూలీలు కావలసి వచ్చింది. మేస్త్రీ బయానా ఇచ్చి మనుషుల్ని కూడగట్టేవాడు. వాళ్ళు విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ వంటి రేవుల్లో ఓడ ఎక్కి, ఆరుబయట డెక్కు మీద ప్రయాణం చేసేవారు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా వారే. వలస పరిమాణం గురించి జనగణన నివేదికలు, 1941 నాటి బాక్స్‌టర్ నివేదిక వంటి ఆధారాలున్నాయి. ఎందరు వెళ్ళారో, ఎందరు తిరిగొచ్చారో వాటిలో దొరుకుతుంది. వెళ్ళినవాడు తల్లికి ఏమి చెప్పుకున్నాడో దొరకదు.

దానికి కారణం కుటుంబాలు ఉత్తరాలను వాడిన తీరులోనే ఉంది. మంచి వార్త తెచ్చిన కార్డును దూలానికి వేలాడే ఇనుపతీగకు గుచ్చేవారు. తీగ నిండాక అడుగువి చిరిగేవి, చెమ్మకో చెదలుకో పోయేవి. చావు వార్త తెచ్చినదాన్ని గుమ్మం దాటనివ్వకుండా చదివి, అక్కడే చింపేసి, స్నానం చేసి లోపలికి వచ్చేవారు. అంటే చరిత్రకారుడికి అత్యంత అవసరమైన పత్రాన్ని ఆచారమే నాశనం చేసింది. కనుక ఇక్కడ ఉత్తరాల పాఠం కన్నా ఉత్తరాల వ్యవస్థనే ఆధారంగా తీసుకోవలసి ఉంటుంది.

1854 చట్టంతో దూరంతో నిమిత్తం లేని ఏకరీతి టపా రుసుము వచ్చింది. 1879లో పావు అణా కార్డు, 1880లో మనియార్డరు వచ్చాయి. 1937 ఏప్రిల్ 1న వేరుపడేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. అంచేత రంగూన్ కార్డు దేశీయ టపాయే. సముద్రం అవతలి మనిషి, రుసుము లెక్కన చూస్తే, పక్క తాలూకాలో ఉన్నట్లే. కాని కాగితం చవకైనంత మాత్రాన అక్షరం చవక కాలేదు. వెళ్ళినవారిలోనూ, ఉన్నవారిలోనూ చదువు వచ్చినవారు కొద్దిమంది. పల్లెటూరి బ్రాంచి తపాలా కార్యాలయాన్ని చాలాచోట్ల బడిపంతులే అదనపు పనిగా చూసేవాడు. ఉత్తరం అందించేవాడూ, చదివి చెప్పేవాడూ, బదులు రాసిపెట్టేవాడూ ఆయనే కావడం అరుదు కాదు. అవతలి గట్టున ఆ పని తోటి కూలీల్లో నాలుగక్షరాలు వచ్చినవాడిది. ఇద్దరు మనుషుల మధ్య మాట నలుగురి నోట్లోంచి నడిచేది.

దీనివల్ల ఉత్తరం భాష మారింది. చెప్పేవాడు తన మాండలికంలో చెబుతాడు. రాసేవాడు దాన్ని ‘మహారాజశ్రీ’, ‘సాష్టాంగ నమస్కారములు’, ‘తమ యోగక్షేమములు’ అన్న చట్రంలో పోస్తాడు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారికం కోసం పోరాడుతున్న రోజుల్లోనే, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి నిరక్షరాస్యుల మాట అరువు గ్రాంథికంలో రంగానికి చేరుతూ ఉండేది. సాహిత్యచరిత్రలో మనం పండితుల వివాదంగా చదువుకునే విషయానికి ఇది కూలీల పార్శ్వం. ఇంకొక మాట: ఉత్తరం ఇంటి పెద్ద పేరిట వచ్చి, పదిమందిలో బిగ్గరగా చదవబడేది. భార్యకు చెప్పవలసింది ‘పిల్లలు జాగ్రత్త’ అన్న వాక్యంలోనే ఇమడాలి. అందువల్ల ఆ సూత్రవాక్యాలను ఒట్టి అలంకారాలుగా కొట్టిపారేయడం సరికాదని నా అభిప్రాయం. అందరి ముందూ పలకదగిన మాట అదొక్కటే.

అక్షరం అక్కరలేని సంకేతాలు కూడా ఉండేవి. మూలలకు పసుపు ఉంటే శుభం. మూల చింపి ఉన్నా, మసి పూసి ఉన్నా అశుభం. పంతులు వచ్చేలోగానే ఇల్లాలికి సగం సంగతి తెలిసిపోయేది. బిళ్ళ అంటించని బేరింగు ఉత్తరానికి అందుకునేవాడు రెట్టింపు రుసుము చెల్లించాలి. వద్దని తిప్పిపంపినా, పై రాతను బట్టి పంపినవాడు క్షేమమని గ్రహించే ఉపాయం ఎన్నో దేశాల్లో ఉండేది. రింగు ఇచ్చి తీయకముందే పెట్టేసే మిస్డ్‌కాల్ దీనికి వారసురాలే. నేటికీ సెల్ సిగ్నల్ అందని ఏజెన్సీ గూడేలవారు గట్టెక్కి, చెట్టెక్కి ఫోను పట్టుకొనే దృశ్యం పత్రికల్లో వింతగా వస్తుంది. ఆ గట్టు స్థానంలో ఒకప్పుడు పంతులి అరుగు ఉండేదంతే.

ఈ సంకేతాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మనియార్డరు రసీదు. మనియార్డరు ఫారంలో రెండు మాటలు రాసుకోవడానికి చిన్న జాగా ఉండేది. అంతకంటే ముఖ్యం, సొమ్ము ముట్టినట్లు గ్రహీత సంతకం చేసిన తునక పంపినవాడికి తిరిగి చేరేది. సంతకం రానివారు సాక్షి ఎదుట వేలిముద్ర వేసేవారు. తపాలాశాఖకు అది లెక్కల కాగితం. మిల్లు బారకాసులో ఉన్న కొడుక్కి మాత్రం తల్లి బతికే ఉందని, డబ్బు ఆమె చేతికే చేరిందని చెప్పే ‘జాబు’ అది. మధ్యలో ఏ లేఖకుడి భాషా అంటనిది. ఇందులో డబ్బును, వార్తను విడదీయలేం. మనియార్డరు రావడం ఆగితే ఇంట్లో మొదట పుట్టే భయం పస్తు గురించో, మనిషి గురించో చెప్పడం కష్టం. 1930 మే నెలాఖరులో రంగూన్ రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగి వందమందికి పైగా చనిపోయినప్పుడు ఇక్కడి పల్లెలకు ఆ ఆగడమే తొలి వార్త అయి ఉంటుందని ఊహించవచ్చు.

1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం వారి వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదే బాంబులు పడ్డాయి. లక్షలాది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ మీదుగా నడిచి వచ్చారు; దారిలో కలరా, మలేరియా, ఆకలి వాళ్ళను పొట్టన పెట్టుకున్నాయి. 1945 మేలో రంగూన్ తిరిగి ఆంగ్లేయుల చేతికి వచ్చేదాకా రెండు గట్ల మధ్య టపా లేదు. నడకలో పడిపోయినవాడి చావుకు మూల చింపిన కార్డు రాసేవాడు లేడు.

ఇక్కడ వార్త లేకపోవడం చట్టానికీ, శాస్త్రానికీ సమస్య అయింది. అప్పుడు అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టం 108వ సెక్షను ప్రకారం, ఒక మనిషి బతికి ఉంటే సహజంగా ఎవరికి తెలియాలో వారికే ఏడేళ్ళపాటు అతని వార్త తెలియకపోతే, అతడు బతికి ఉన్నాడని నిరూపించే భారం అలా అన్నవారిదే. మనిషి ఉనికిని అయినవారికి అందిన కబురుతో కొలిచే నిబంధన ఇది. అయితే ఈ లెక్క టపా నడుస్తుందనే భావన మీద ఆధారపడింది. టపాయే నిలిచిపోయిన మూడేళ్ళను మౌనంగా లెక్కించాలా వద్దా? ధర్మశాస్త్ర సంప్రదాయం పన్నెండేళ్ళు వేచి, మోదుగాకులతోనో దర్భలతోనో బొమ్మ చేసి దహనం చేయమంటుంది. ఈ ఏడుకూ పన్నెండుకూ మధ్య ఇరుక్కున్నది భార్య. ఆమె బొట్టు, మారుమనువు ఆచారం ఉన్న కులాల్లో ఆమె రెండో పెళ్ళి, మామగారి భూమిలో ఆమె పిల్లల వాటా రాని ఉత్తరం మీద ఆధారపడ్డాయి. కులపెద్దల ముందు అప్పుడు పనికివచ్చే కాగితం పాత మనియార్డరు చీటీ; దాని మీద తపాలా ముద్ర తేదీ. దాని నుంచే లెక్క మొదలు.

యుద్ధం తరువాత కొందరు మళ్ళీ రంగానికి వెళ్ళారు. 1962లో నేవిన్ సైనిక ప్రభుత్వం వచ్చి, వ్యాపారాలను జాతీయం చేశాక, 1964 నుంచి భారతీయులు ఓడల్లో పెద్దఎత్తున తిరిగి రాసాగారు. విశాఖలోని బర్మాక్యాంపు పేరు ఆనాటిదే. ఈసారి ఉత్తరం దిక్కు మారింది: ఇల్లు ఇటు వచ్చి, అక్కచెల్లెళ్ళో అన్నదమ్ములో అటు మిగిలారు. అక్కడ పుట్టినవారికి తెలుగు లిపి రాదు. ఇక్కడ పెరిగినవారికి బర్మీ లిపి మరుపుకు వచ్చింది. పంతులి అరుగు మళ్ళీ అవసరమైంది, రెండు లిపులూ తెలిసిన ముసలివారి రూపంలో.