44 పాయింట్ల లోటు

కూర్చోవడానికి చోటు లేదు. భుజం కాస్త కదిపితే పక్కాయనకు తగులుతోంది. 1970 సెప్టెంబరు 26, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. 1,21,696 మంది జనంలో మీరొకరు. పేరుకు క్రికెట్ గ్రౌండే. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024లో టెస్ట్ సెంచరీ కొట్టింది ఇక్కడే. కానీ సెప్టెంబరు వస్తే రాజ్యమంతా ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌ది. కోడిగుడ్డు ఆకారపు బంతి, జట్టుకు 18 మంది, మైదానం రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి సందులోంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే బిహైండ్, ఒక్కటే పాయింటు.

ఇవాళ గ్రాండ్ ఫైనల్, ఏడాది టైటిల్ తేల్చే ఆట. స్కోరుబోర్డు చూడండి. కాలింగ్‌వుడ్ 73, కార్ల్‌టన్ 29. సగం ఆట అయిపోయింది. ఇందాక కార్ల్‌టన్ ఆటగాడు అలెక్స్ జెసలెంకో, ప్రత్యర్థి గ్రేమ్ జెంకిన్ భుజాల మీదికి ఎగిరి గాల్లో బంతి అందుకున్నప్పుడు మీరూ గొంతు చించుకుని అరిచారు. ముచ్చట ముచ్చటే, లెక్క లెక్కే. 44 పాయింట్ల లోటు పూడ్చి గ్రాండ్ ఫైనల్ గెలిచినవాళ్లు ఇంతవరకూ లేరు.

పదండి, కార్ల్‌టన్ గదిలోకి. చెమట వాసన, అలసిన ముఖాలు. ఎదురుగా కోచ్ రాన్ బరాసీ, వయసు 34. తండ్రి 1940లో మెల్‌బోర్న్ క్లబ్బుకు ఆడి టైటిల్ గెలిచాడు, మరుసటి ఏడాదే టోబ్రుక్ యుద్ధంలో చనిపోయాడు. పిల్లాడికి అప్పుడు ఐదేళ్లు. తర్వాత అదే క్లబ్బు కోచ్ నార్మ్ స్మిత్ అతణ్ణి తన పెరటి గదిలో ఉంచుకుని కొడుకులా పెంచాడు. ఆ గురువు దగ్గర ఆడి ఆరు టైటిళ్లు గెలిచాడు. అలాంటివాడు 1965లో గురువునూ క్లబ్బునూ వదిలి కార్ల్‌టన్‌కు వెళ్లిపోతే మెల్‌బోర్న్ అభిమానుల గుండె పగిలింది. 1947 తర్వాత టైటిల్ మొహం చూడని కార్ల్‌టన్‌ను 1968లో గెలిపించాడు.

బరాసీ కోపిష్టి అని ఊరంతటికీ తెలుసు. ఇప్పుడు చెబుతున్నది మాత్రం చేయాల్సిన పని. బంతి దొరికితే ఆగొద్దు, వెనక్కి నడిచి నింపాదిగా తన్నొద్దు, పరిగెత్తుకొస్తున్న మనవాడికి హ్యాండ్‌బాల్ ఇవ్వండి. ఈ ఆటలో బంతిని విసరకూడదు. ఒక అరచేతిలో ఉంచి, రెండో చేతి పిడికిలితో గుద్ది పంపాలి, అదే హ్యాండ్‌బాల్. ఇది కొత్తగా పుట్టిందేమీ కాదు, కానీ అప్పటిదాకా ఎక్కువమందికి ఇరుక్కున్నప్పుడు బయటపడే దారి మాత్రమే. ఓడిపోతున్న జట్టు ప్రాణమంతా దాని మీద పెట్టడం సాహసమే. బెంచి మీదున్న టెడ్ హాప్కిన్స్‌ను కూడా లోపలికి పంపుతున్నాడు.

మళ్లీ స్టాండ్‌లోకి రండి. బంతి నేల మీద ఆగడం లేదు. పిడికిలి నుంచి పిడికిలికి, అక్కణ్ణుంచి కాలికి. హాప్కిన్స్ ఒక గోల్ కొట్టాడు, వెంటనే ఇంకొకటి. ఈ ఒక్క క్వార్టర్‌లో, అంటే ఆటలో పావు వంతులో, కార్ల్‌టన్‌కు 8 గోల్స్, ఒక్క బిహైండూ లేదు. లోటు 17కి దిగింది. పక్కాయన మీ చెయ్యి పట్టుకున్నాడు, ఎవరో మీకూ తెలీదు, ఆయనకూ తెలీదు. చివరి నిమిషాల్లో జెసలెంకో తన్నిన బంతి ఎగిరెగిరి ఖాళీ గోల్‌లోకి దొర్లిపోయింది. కార్ల్‌టన్ 111, కాలింగ్‌వుడ్ 101. హాప్కిన్స్‌వే నాలుగు గోల్స్.

ఆ తర్వాత, అంతవరకూ ఒక్క టైటిలూ ఎరగని నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బుకు 1975లో మొదటిది, 1977లో రెండోది తెచ్చిపెట్టాడు బరాసీ. 2023లో 87 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆటగాడిగా ఆరు, కోచ్‌గా నాలుగు, మొత్తం పది టైటిళ్లు. నా దృష్టిలో మాత్రం ఆయన గొప్పతనం అంతా ఆ విరామం గదిలోనే ఉంది. ఎప్పుడైనా ఈ ఆట చూస్తే ఒక క్వార్టర్ పాటు కాళ్లు వదిలేసి చేతులనే గమనించండి.