వాస్కులర్ అల్ట్రాసౌండ్ శిక్షణ

ధమనులను, సిరలను అల్ట్రాసౌండ్ యంత్రంతో పరీక్షించి, వాటిలో రక్తప్రవాహం ఏ తీరున ఉన్నదో వైద్యునికి తెలియజేసే వృత్తికి ఇచ్చే శిక్షణను వాస్కులర్ అల్ట్రాసౌండ్ శిక్షణ అంటారు. ఈ పని చేసేవారు వాస్కులర్ టెక్నాలజిస్టులు. ఇది ప్రత్యేక వృత్తిగా స్థిరపడిన దేశాలలో అమెరికా సంయుక్త రాష్ట్రాలు ముఖ్యమైనది. ఈ వ్యాసంలోని శిక్షణ వివరాలు ఆ దేశానికి సంబంధించినవి.

నేపథ్యం

1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించిన సూత్రమే ఈ విద్యకు పునాది. దగ్గరకు వచ్చే రైలు కూత హెచ్చుస్థాయిలోను, దాటిపోయిన పిదప తగ్గుస్థాయిలోను వినిపించడం దీనికి అందరూ ఎరిగిన ఉదాహరణ. అదే విధంగా, కదిలే రక్తకణాలను తాకి తిరిగివచ్చే ధ్వని పౌనఃపున్యంలోని మార్పును బట్టి రక్తవేగాన్ని గణిస్తారు. నాళపు చిత్రాన్ని, ప్రవాహవేగాన్ని ఒకే యంత్రంలో చూపే డూప్లెక్స్ స్కానర్‌ను 1970వ దశకంలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడు యూజీన్ స్ట్రాండ్‌నెస్ బృందం రూపొందించింది.

చదువు, పరీక్షలు

కమ్యూనిటీ కళాశాలలలో సుమారు రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ, విశ్వవిద్యాలయాలలో నాలుగేళ్ళ బ్యాచిలర్ డిగ్రీ ఉన్నాయి. ఇదివరకే వైద్య సంబంధమైన చదువు ఉన్నవారికి అంతకంటే తక్కువ కాలంలో ముగిసే సర్టిఫికెట్ కోర్సులు కూడా కలవు. కోర్సుకు సి.ఏ.ఏ.హెచ్.ఇ.పి. గుర్తింపు ఉన్నదో లేదో చేరకముందే చూసుకోవాలి. గుర్తింపు లేని చోట చదివినవారు పరీక్షకు కూర్చోవడానికి అదనంగా పని అనుభవం చూపవలసి రావచ్చు. రుసుము కట్టిన తరువాత విచారించి ప్రయోజనం లేదు.

1975లో ఏర్పడిన ఏ.ఆర్.డి.ఎమ్.ఎస్. అనే సంస్థ రెండు పరీక్షలు నిర్వహిస్తుంది. మొదటిది ధ్వని భౌతికశాస్త్రం, పరికరాల గురించి. రెండవది రక్తనాళాల గురించి. 300 నుండి 700 వరకు ఉన్న కొలమానంలో 555 వస్తే ఉత్తీర్ణులైనట్లు. రెండింటిలోను నెగ్గినవారికి ఆర్.వి.టి. అనే అర్హత లభిస్తుంది. ఆపైన మూడేళ్ళకొకసారి 30 గంటల నిరంతర విద్యను చూపాలి. సి.సి.ఐ. అనే మరొక సంస్థ ఆర్.వి.ఎస్. అనే అర్హతను ఇస్తుంది.

చేతి పని

శిక్షణలో అసలు కష్టం ఇక్కడ ఉంది. కాలిలోని సిరను ప్రోబుతో నొక్కినపుడు గోడలు రెండూ పూర్తిగా కలిసిపోతే అక్కడ రక్తపు గడ్డ లేనట్లే. కలవకపోతే గడ్డ ఉందని అనుమానించాలి. తొడ మొదలు నుండి క్రిందివరకు కొద్ది కొద్ది దూరంలో ఇలా నొక్కి చూస్తూ పోవాలి. విడిచిన చోటనే గడ్డ ఉండవచ్చు. నిర్ధారణ వైద్యునిదే అయినా, టెక్నాలజిస్టు తీయని చిత్రాన్ని ఆయన చూడలేడు.

మెడలోని కరోటిడ్ ధమని పరీక్షలో కోణమే ప్రధానం. ధ్వని కిరణానికి, ప్రవాహానికి మధ్య కోణం 60 డిగ్రీలు మించరాదని నేర్పుతారు. ఆ కోణాన్ని తెరపై గుర్తించవలసినది టెక్నాలజిస్టే. యంత్రం దాని కోసైన్‌తో భాగించి వేగాన్ని చెబుతుంది. నిజమైన కోణం 60 డిగ్రీలు ఉండగా పొరపాటున 65 అని గుర్తిస్తే, సెకనుకు 110 సెంటీమీటర్ల వేగం 130గా కనబడుతుంది. 2003లో వెలువడిన రేడియాలజిస్టుల ఏకాభిప్రాయ పత్రం 125ను 50 శాతం సంకోచానికి హద్దుగా పేర్కొన్నది (ఈ హద్దును మార్చాలనే సూచనలు తరువాత వచ్చాయి). అనగా అయిదు డిగ్రీల తప్పుతో లేని జబ్బు ఉన్నట్లు కనబడవచ్చు. కోసైన్ నేర్చుకుని ఏమి లాభమని అడిగే పదవ తరగతి విద్యార్థులకు ఇదొక సమాధానం.

ప్రోబును గంటల తరబడి నొక్కి పట్టుకోవడం వలన భుజం, మణికట్టు నొప్పులు ఈ వృత్తిలో సాధారణం. అందుచేత కూర్చునే తీరును, మంచం ఎత్తును సరిచూసుకోవడం కూడా పాఠంలో భాగమే.

భారతదేశంలో

ఇక్కడ ఈ పరీక్షలను సాధారణంగా రేడియాలజీ వైద్యులే స్వయంగా చేస్తారు. గర్భస్థ శిశు లింగనిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం క్రింద అల్ట్రాసౌండ్ యంత్రాలను నమోదైన కేంద్రాలకే విక్రయించాలి. అమెరికాలో శిక్షణ పొంది స్వదేశంలో పనిచేయదలచిన తెలుగువారు ఈ భేదాన్ని ముందుగా గమనించాలి.