స్కాట్లాండ్ స్ట్రాడివరి అట!

మన సినిమావాళ్ళు నటుడు చలాన్ని 'ఆంధ్రా దిలీప్' అనేవాళ్ళు, గుర్తుందా? మెచ్చుకోలే గానీ, అందులో సగం పేరు ఇంకొకరిది. మాథ్యూ హార్డీ సంగతీ అంతే. ఈయన్ని 'స్కాట్లాండ్ స్ట్రాడివరి' అంటారు. 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దం మొదట్లో ఎడింబరోలో వయొలిన్లు, చెల్లోలు చేసిన మనిషి.

అప్పట్లో బ్రిటన్‌లో చాలామంది, టిరోల్ ప్రాంతపు స్టైనర్‌ని చూసి, పొట్ట బాగా ఉబ్బెత్తుగా ఉండే వయొలిన్లు చేసేవాళ్ళు. చిన్న గదిలో తియ్యగా ఉంటాయి, పెద్ద హాల్లో గొంతు ఆనదు. స్ట్రాడివరి డిజైను కాస్త చదును. హార్డీ ఆ దారి పట్టాడు. అయితే చేసినవన్నీ ఒక్కలా ఉండవు. చేతిలో డబ్బున్నప్పుడు మంచి చెక్క, లేనప్పుడు ఏది దొరికితే అది.

క్రెమోనాలో స్ట్రాడివరి బతికుండగానే బాగా సంపాదించాడు. హార్డీ మాత్రం 1826లో ఎడింబరోలో బీదల కోసం నడిపే సెయింట్ కత్‌బర్ట్స్ ఆశ్రమంలో పోయాడు.

ఇప్పుడు వేలం సంగతి. హార్డీ వయొలిన్లు, మంచి స్థితిలో ఉన్నవి, పదివేల పౌండ్లు దాటి పలికిన సందర్భాలున్నాయి. అదే స్ట్రాడివరి 1721లో చేసిన 'లేడీ బ్లంట్' 2011లో 98 లక్షల పౌండ్లకి పోయింది. పనితనంలో అంత తేడా ఉందా? నాకైతే నమ్మకం లేదు. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలినిస్టులకి కళ్ళు సరిగా కనపడకుండా కట్టి, మూడు పాతవి, మూడు కొత్తవి ఇచ్చి వాయించమన్నారు. పాతవాటిలో రెండు స్ట్రాడివరివే. ఏది పాతదో చాలామంది పోల్చుకోలేకపోయారు. అందరికంటే తక్కువమందికి నచ్చింది ఒక స్ట్రాడివరి!

మరి ధర దేనికి? పేరుకి, అరుదుదనానికి, ఆ పేరు నిజమేనన్న నమ్మకానికి. లోపల అంటించిన లేబుల్‌ని ఎవరూ నమ్మరు. కోడ్ పైన కామెంట్‌లో ఎవరి పేరుంటే వాళ్ళే రాశారని మనం నమ్ముతామా? ఇదీ అంతే. ఫ్యాక్టరీల్లో చేసిన లక్షల వయొలిన్లలో స్ట్రాడివరి లేబులుంది. మంచి బ్రిటిష్ వాయిద్యాల్లోంచి అసలు లేబుల్ పీకేసి ఇటాలియన్ పేరు అంటించిన వ్యాపారులూ ఉన్నారు. అందుకే నిపుణులు చేతివాటం చూస్తారు, చెక్కలో వలయాలు లెక్కపెడతారు. చివరి వలయం 1790 నాటిదైతే, ఆ వయొలిన్ అంతకుముందు చేసింది కాదన్నమాట. అంతవరకే చెప్తుంది, చేసినవాడి పేరు చెప్పదు. ఇక వెనకపలక మీద, లోపలి సౌండ్‌పోస్ట్ దగ్గర పగులుంటే ధర ధడాలున పడిపోతుంది.

ఇదంతా చదివాక ముందు కోపమొచ్చింది. బీదల ఆశ్రమంలో పోయినవాడి చేతిపని మీద లాభం రెండొందల ఏళ్ళ తర్వాత ఎవరికో! తర్వాత ఇంకోటి తట్టింది. స్ట్రాడివరి చేసిన 'మెస్సయ్య' వయొలిన్ ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, వాయించనివ్వరు. హార్డీవి మాత్రం ఆర్కెస్ట్రాలో ఉద్యోగం చేసుకునేవాళ్ళు కూడా, అప్పో సప్పో చేసి కొనుక్కోగలరు. కొని రోజూ వాయిస్తారు, తీగలు మారుస్తారు, అరిగితే బాగు చేయిస్తారు.

ధర మరీ పెరగకపోవడం వల్లే ఆయన చేసిన వస్తువు ఇంకా పనిలో ఉంది. హార్డీని అడిగితే రెండిట్లో ఏది కోరుకునేవాడో మరి. బహుశా ముందు అద్దె కట్టడానికి డబ్బులడిగేవాడేమో... అదీ న్యాయమే.