నవ్విన నాపచేను

స్త్రీవాదం అనగానే చాలామందికి హైదరాబాదు సభలు, లావుపాటి పుస్తకాలు, గంభీరమైన ఉపన్యాసాలు గుర్తొస్తాయి. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్టలో అది ఆ దారిన రాలేదు. వంటింటి లెక్కల్లోంచి, బోరింగు దగ్గర మాటల్లోంచి, సారాకొట్టు ముందు లేచిన చీపుళ్లలోంచి వచ్చింది. చాలాసార్లు నవ్వుతూనే వచ్చింది. వరికుంటపాడు, దుత్తలూరు, కొండాపురం, వింజమూరు, కలిగిరి మండలాల్లో ఏ ఊళ్లో డ్వాక్రా సంఘం కూర్చున్నా, తీర్మానం కంటే ముందు బయటికి వినబడేది నవ్వే.

ఆ నవ్వు వెనక ఏడువందల ఏళ్ల కథ ఉంది. మొదట లోకం ఆడతనాన్ని చూసి నవ్వింది. తర్వాత ఆడవాళ్ల పక్షాన మగవాళ్లు నవ్వించారు. చివరికి ఆడవాళ్లే నవ్వడం మొదలుపెట్టారు. ఈ నేల మీద ఆధునిక స్త్రీ ఎలా తయారైందో ఈ మూడు మలుపుల్లో కనబడుతుంది.

మంచం చాటు స్నానం

13వ శతాబ్దంలో నెల్లూరును మనుమసిద్ధి ఏలుతున్నాడు. పశువుల మేత, పుల్లరి దగ్గర యాదవ నాయకుడు కాటమరాజుతో తగవు ముదిరి యుద్ధమైంది. నెల్లూరు సేనను నడిపినవాడు ఖడ్గతిక్కన, కవి తిక్కనకు వరసకు సోదరుడు. యుద్ధంలో ఓడి ఇంటికి తిరిగొచ్చిన ఆయనకు భార్య చానమ్మ మంచం అడ్డంగా నిలబెట్టి, దాని చాటున నీళ్లూ పసుపుముద్దా పెట్టిందని కథ. వెన్ను చూపినవాడికి ఆడవాళ్ల స్నానమే తగునని దాని అర్థం. భోజనానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. కొడుకు విరిగొస్తే పాలూ విరిగాయట. తిక్కన సిగ్గుపడి తిరిగి వెళ్లి, పోరాడి ప్రాణం విడిచాడు.

హాస్యంలో ఇంత పదును అరుదు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక మంచం, ఒక పసుపుముద్ద, కాసిని పాలు. ఒక సేనానిని మళ్లీ గుర్రమెక్కించడానికి అవి చాలాయి. అయితే పసుపుముద్ద ఎందుకు అవమానమైంది? ఆడదానిలా ఉండటమే సిగ్గుచేటని ఆ ఇంట్లో అందరూ ఒప్పుకొన్నారు గనక. మాట ఆడవాళ్లదే, నవ్వు మాత్రం ఆడతనం మీద. 'గాజులు తొడుక్కో', 'చీర కట్టుకో' అనే ఎత్తిపొడుపులు నేటి రాజకీయ సభల్లోనూ వినబడుతున్నాయంటే ఆ మంచం ఇంకా అక్కడే నిలబడి ఉందన్నమాట.

వెలిగొండలకు అవతల, బద్వేలు దారిలోని గోపవరం మొల్ల ఊరంటారు. తనకు ఛందస్సూ నిఘంటువులూ రావని అవతారికలోనే చెప్పుకొని, ఆ కుమ్మరింటి ఆడపడుచు రామాయణం రాసి చూపించింది. చదువు లేదని ఎవరో నవ్వకముందే ఆ మాట తానే అనేసి, పని పూర్తిచేసింది.

మంచం కింది నవ్వు

రెండో మలుపు 19వ శతాబ్దంలో గోదావరి ఒడ్డున మొదలైంది. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని', 1876లో 'హాస్యసంజీవని' పత్రికలు మొదలుపెట్టాడు. చిన్నపిల్లలను పెళ్లాడే ముసలివాళ్లను ప్రహసనాల్లో నవ్వులపాలు చేశాడు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో గురజాడ ఒక మగపిల్లవాడికి చీరకట్టి, పెళ్లికూతురని చెప్పి ముసలి లుబ్ధావధానులుకు కట్టబెట్టాడు. ఖడ్గతిక్కన కథలో ఆడవాళ్ల పసుపుముద్ద మగవాడికి అవమానం. ఇక్కడ మగపిల్లవాడు కట్టిన చీర ముసలి పెళ్లికొడుకు పరువు తీసింది.

1910లో గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది. సానివాళ్ల పాటలకు అలవాటుపడిన గోపాలరావుకు, చదువుకున్న భార్య కమలిని వెళ్లిపోతున్నానని ఉత్తరం రాసిపెట్టింది. ఆయన కుమిలిపోయి, తప్పు ఒప్పుకొన్నాక, మంచం కిందనుంచి ఆమె నవ్వు వినబడింది. తెలుగు కథలో భర్తకు బుద్ధి చెప్పి నవ్విన భార్య ఆమె. అంతటి తెలివైన ఆడది కూడా ఆ నవ్వు మంచం కింద దాక్కొనే నవ్వాల్సి వచ్చింది. కలం ఇంకా మగవాడిదే, ఇల్లూ మగవాడిదే.

కలం పట్టిన ఆడవాళ్లు అప్పటికే లేకపోలేదు. భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' 1901 నాటిది. నెల్లూరు జిల్లాలో పొణకా కనకమ్మ చిన్ననాటే పెళ్లయి, బడికి పోకుండానే చదువు నేర్చుకొంది. 1921లో పల్లిపాడు సత్యాగ్రహాశ్రమానికి భూమి ఇచ్చింది. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించింది. తనకు అందని బడిని ఇతరుల పిల్లలకు కట్టించిన మనిషి ఆమె. మెట్ట పల్లెలకు ఆ బడి చాలా దూరం. అయినా జిల్లాలో ఆడపిల్ల చదువుకు ఒక చిరునామా ఏర్పడింది.

గుండమ్మలూ అత్తగార్లూ

సినిమా వచ్చాక నవ్వు మళ్లీ గయ్యాళి మీదికి మళ్లింది. 1962లో 'గుండమ్మ కథ'లో ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. ఇద్దరూ హీరోలే. సినిమా పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది. ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టడానికి తల్లిదండ్రులు జంకారని ఇప్పటికీ చెప్పుకొంటారు. గట్టిగా మాట్లాడే ఆడదంటే లోకానికి ఎంత జంకో, ఆ మాట వినడానికి లోకం ఎలా టిక్కెట్టు కొనుక్కునేదో గుండమ్మే సాక్ష్యం.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి అదే అత్తను తీసుకొని మరో పని చేసింది. 'అత్తగారి కథలు'లో ఆమె అత్తను రాక్షసిగా చూపలేదు. ఆచారాలూ అమాయకత్వమూ పెత్తనమూ కలగలిసిన మనిషిగా చూపింది. కోడలు చెప్పే కథలో అత్త మీద నవ్వొస్తుంది, నవ్వుతోపాటే ఆమె మీద ఇష్టం కలుగుతుంది. ఆడవాళ్లను ఆడవాళ్లే ప్రేమగా చూసి నవ్వుకొన్న తెలుగు వచనం అక్కడ నిలదొక్కుకొంది. రంగనాయకమ్మ 'స్వీట్ హోమ్' ఆ నవ్వును భార్యాభర్తల మధ్యకు తెచ్చింది. పొత్తూరి విజయలక్ష్మి నవల 'ప్రేమలేఖ'ను జంధ్యాల 1984లో 'శ్రీవారికి ప్రేమలేఖ'గా తీస్తే రాష్ట్రమంతా నవ్వింది. ఇంటిపనుల్లో పడి తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథను పి.సత్యవతి 'ఇల్లలకగానే'లో రాసింది. చదువుతూ నవ్వినవాళ్లు, పుస్తకం మూశాక తమ అమ్మ పేరు ఎవరైనా పిలవగా ఎప్పుడు విన్నామా అని ఆలోచించుకోవాల్సి వచ్చింది.

సారా ఆగిన వీధి

ఇంతవరకు నడిచింది పుస్తకాల్లో, తెర మీద. మూడో మలుపు ఈ మెట్టలోనే తిరిగింది.

1991లో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. కళాజాతాల ఆటపాటలతో ఊళ్లను కదిలించారు. పొద్దంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో పలక పట్టారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్లతో కలిసి సారాకొట్టు మూయించింది. ఆ కథ 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై వాచకంలోకి ఎక్కింది. పక్క ఊళ్ల ఆడవాళ్లు ఆ పాఠాన్ని అక్షరాల కోసం చదివారు. చదివాక, దూబగుంటలో అయింది మన ఊళ్లో ఎందుకు కాదని లేచారు. అక్షరానికి ఇంత తొందరగా ఫలితం వచ్చిన సందర్భాలు తెలుగుదేశంలో బహు తక్కువ.

అప్పట్లో సారా పొట్లాల్లో వచ్చేది. తాగునీరు సరిగా చేరని ఊరికి కూడా పొట్లం చేరేది. పగలంతా చేసిన కూలి సాయంత్రానికి కొట్టు పాలయ్యేది. 1992లో ఆడవాళ్లు చీపుళ్లు, కారప్పొడి పట్టుకొని కొట్ల ముందు కూర్చున్నారు. తాగొచ్చిన మొగుళ్లకు వంట బందు పెట్టారు. మాట వినని తాగుబోతులకు గుండు గీయించి, గాడిద మీద ఊరేగించిన సంగతులూ చెప్పుకొన్నారు. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుపడితే, పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. ఊరేగింపులో చప్పట్లు, ఈలలు, నవ్వులు.

ఖడ్గతిక్కన ఇంటితో దీన్ని పోల్చి చూడాలి. అక్కడ మగవాణ్ణి సిగ్గుపరచడానికి ఆడదానితో పోల్చారు. ఇక్కడ ఆ పోలిక ఎవరికీ అవసరం రాలేదు. తాగి పిల్లల కూడు పోగొట్టినవాడు తాగుబోతుగానే సిగ్గుపడ్డాడు. కమలిని నవ్వు మంచం కిందనుంచి వచ్చింది. ఈ నవ్వు నడివీధిలో, పోలీసుల ముందు, కాంట్రాక్టర్ల ముందు వచ్చింది.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలుచేసింది. 1997లో అది పోయింది. రోశమ్మ 2016లో కన్నుమూసింది. నిషేధం నిలవకపోయినా, ఇంటి డబ్బు లెక్క అడిగే హక్కు తమకుందని తెలుసుకొన్న ఆడవాళ్లు వెనక్కి పోలేదు.

రూపాయి లెక్క

సారా ఆగాక మిగిలిన కూలిడబ్బు ఏమైంది? నెల్లూరు జిల్లాలో 'పొదుపులక్ష్మి' వచ్చింది. రోజుకో రూపాయి. రూపాయితో ఏం మేడలు కడతారని మగవాళ్లు నవ్వారు. ఆ రూపాయిలు సంఘాలయ్యాయి, సంఘాలు డ్వాక్రా బాటలో బ్యాంకు మెట్లెక్కాయి. 'తిరిగి ఆడది చెడింది' అనే సామెతను ఇంటింటా వల్లించిన నేల మీద, తిరిగిన ఆడవాళ్లే అప్పు తెచ్చి గేదె కొన్నారు, కుట్టుమిషను కొన్నారు, కూతురిని కాలేజీలో చేర్పించారు. నవ్విన నాపచేనే పండింది.

ఉదయగిరి దుర్గం కింద కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కే పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పనిలో ఆడవాళ్ల చేయి పెద్దది. గరిటె తిప్పడమే ఆడదాని ధర్మమని చెప్పిన లోకానికి, వాళ్లు గరిటె చెక్కి అమ్ముతున్నారు.

ఇప్పుడు సంఘాల్లో నవ్వు తీరు కూడా మారింది. 'మా ఇంటాయన ఒక్కపూట అంట్లు తోమినాడని ఊరంతా చెప్పుకొంటా ఉండారు, ముప్పయ్యేళ్లు నేను తోమితే ఒక్కరూ చెప్పలా' అనే ధోరణిలో ఒక అక్క అంటే అందరూ విరగబడి నవ్వుతారు. కేంద్రం చేయించిన 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. సర్వే లెక్కకట్టిన సంగతిని ఆ అక్క నవ్వుతూ తేల్చేసింది.

ఊరి ఆడదాని హాస్యం ఇప్పుడు ఊరు దాటిపోయింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ 'మై విలేజ్ షో'తో సెల్‌ఫోన్లలోకి వచ్చింది. పట్నం అమ్మాయి రోజువారీ తిప్పలను జాహ్నవి దాసెట్టి 'మహాతల్లి'గా నవ్వుల్లో పెట్టింది. మరోవైపు 2024లో తెలంగాణలో ఉచిత బస్సులో వెల్లుల్లి పొట్టు తీసుకొంటున్న ఆడవాళ్ల వీడియో చూసి చాలామంది ఎగతాళి చేశారు. కూర్చోను గంట దొరికితే ఆ గంటలోనూ రాత్రి కూరకు పని చేసుకోవాల్సి వచ్చిందే అని జాలిపడాల్సిన చోట నవ్వారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీశక్తి' పేరుతో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఉదయగిరి, ఆత్మకూరు డిపోల పల్లెవెలుగు ఎక్కే ఆడవాళ్ల చేతిలో ఏ సంచి ఉందో చూసి నవ్వేముందు, ఇంట్లో ఆ పని ఇంకెవరు చేస్తారో చూసుకోవాలి.

మిగిలిన బాకీ

చట్టం ఈ నేలకు ముందే వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అమలైంది, దేశమంతటా 2005లో వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు రాష్ట్ర చట్టం వర్తించలేదు. హక్కున్న చెల్లెళ్లలో చాలామంది పసుపుకుంకుమలు పెట్టాం కదా అని అన్న చెప్పే మాట మీద కాగితాల్లో సంతకం చేసి వచ్చేస్తున్నారు. స్థానిక సంస్థల్లో మూడోవంతుగా మొదలైన ఆడవాళ్ల రిజర్వేషన్ రాష్ట్రంలో సగానికి చేరింది. చాలా ఊళ్లలో కుర్చీ ఆమెది, కూర్చునేది ఆయన. ఇది నవ్వి వదిలేయాల్సిన సంగతి కాదు.

ఏడువందల ఏళ్ల చూపులో నాకు తేలిన తీర్పు ఇదే. మెట్ట ఆడవాళ్లు నవ్వు గెలుచుకున్నారు, డబ్బు మీద మాట గెలుచుకున్నారు. భూమి మీద, కుర్చీ మీద, ఇంటిపని మీద సగం ఇంకా వాళ్లకు రాలేదు. ఆ సగం ఇవ్వాల్సింది ప్రభుత్వం ఒక్కటే కాదు, ప్రతి ఇల్లూ ఇవ్వాలి. వరికుంటపాడు మండలంలోనైనా మరెక్కడైనా ఇది చదువుతున్న అన్నలారా, ఈసారి గ్రామసభలో సర్పంచమ్మను మాట్లాడనివ్వండి. చెల్లెలి వాటా ఆమె పేరున రాయించండి. ఇంటికెళ్లాక మీ అంట్లు మీరే తోమండి.