మసక నియమాల కనిష్ఠ సమితి

మసక నియమాల కనిష్ఠ సమితి అనగా ఒక దత్తాంశ పట్టికలో చెల్లుబాటయ్యే మసక షరతు నియమాలన్నింటినీ రాబట్టడానికి సరిపోయే, అతి తక్కువ సంఖ్యగల నియమాల సమూహం. చిన్న పట్టిక నుండి కూడా లెక్కకు మించిన నియమాలు పుట్టుకొస్తాయి. వాటిలో అధికభాగం ఇతర నియమాల పర్యవసానాలే. సమాచారం నష్టపోకుండా వాటిని తొలగించడమే ఈ పద్ధతి ప్రయోజనం.

చరిత్ర

మసక సమితుల భావనను 1965లో లాట్ఫీ జాదే ప్రతిపాదించాడు. వీటిలో సభ్యత్వానికి 0 నుండి 1 వరకు స్థాయిలుంటాయి. అవును, కాదు అనే రెండు విలువలే ఉన్న పట్టికలకు కనిష్ఠ నియమ సమితిని 1986లో గీగ్, డ్యుకేన్ నిర్వచించారు. 2005 ప్రాంతంలో చెక్ రిపబ్లిక్‌లోని పలాట్స్కీ విశ్వవిద్యాలయానికి చెందిన రదీమ్ బెలొహ్లావెక్, విలెమ్ విఖొదిల్ దీనిని మసక పట్టికలకు విస్తరించారు.

ఉదాహరణ

మామిడిపండ్ల లక్షణాలను 0, 0.5, 1 అనే స్థాయిలలో నమోదు చేశామనుకుందాం. పట్టికలో ఈ నియమాలు కనిపించాయి:

1. పసుపు రంగు 1 అయితే మెత్తదనం కనీసం 0.5.
2. మెత్తదనం కనీసం 0.5 అయితే తీపి కనీసం 0.5.
3. పసుపు రంగు 1 అయితే తీపి కనీసం 0.5.
4. పసుపు రంగు 1 అయితే సువాసన కనీసం 0.5.

మూడవ నియమాన్ని పక్కనబెట్టి, పసుపు రంగు 1 అనే షరతుతో మొదలుపెట్టి మిగిలిన నియమాలను వరుసగా వర్తింపజేస్తే తీపి 0.5 దానంతటదే వస్తుంది. కనుక మూడవది అనవసరం. మిగిలిన మూడింటిలో దేనిని తీసివేసినా సమాచారం తగ్గుతుంది. అయినప్పటికీ ఇది కనిష్ఠ సమితి కాదు. ఒకటవ, నాలుగవ నియమాల షరతు ఒక్కటే కాబట్టి వాటిని "పసుపు రంగు 1 అయితే మెత్తదనం, సువాసన కనీసం 0.5" అని కలిపితే రెండు నియమాలే మిగులుతాయి. అనవసర నియమాలు లేకపోవడం వేరు, కనిష్ఠం కావడం వేరు.

పరిమితులు

షరతు పూర్తిగా తీరినప్పుడే నియమం వర్తిస్తుందని భావిస్తే, పరిమిత పట్టికకు గీగ్-డ్యుకేన్ తరహా సమితి ఒక్కటే ఉంటుంది, అది కనిష్ఠం కూడా. స్థాయిలను వేరే విధంగా అన్వయిస్తే ఇటువంటి సమితులు అనేకం ఉండవచ్చు. ఒక నియమం అనవసరమా అని పరీక్షించడం సులభమే. కానీ కొన్ని పట్టికలలో కనిష్ఠ సమితి సైతం లక్షణాల సంఖ్యతో పోలిస్తే ఘాతీయంగా పెరుగుతుంది.

పైగా ఈ నియమాలు ఆ పట్టికకు మాత్రమే సత్యాలు. పసుపుపచ్చని పుల్లటి పండు ఒక్కటి కొత్తగా చేరినా పై నియమాలు రెండూ కలిసి నిలవవు. నియమాలు తక్కువగా ఉంటే నిపుణులు ఒక్కొక్కదానిని పరిశీలించి ఇటువంటి లోపాలను గుర్తించగలుగుతారు.